చవకైన ఊరు

పట్టాభిరామయ్య గారి మీద నాకున్న కోపం గురించి చెప్పాలంటే ముందు ఆయనకి నేను వడ్డించిన కొర్రమీను పులుసు గురించి చెప్పాలి. ఆ పులుసు వేళ్ళు నాక్కుంటూ తిని, మూతి తుడుచుకుని ఏలూరు వెళ్ళి, నా కూతురి చదువు మీద దెబ్బ కొట్టారాయన. ఇంత మంటలోనూ ‘గారు’ అనకుండా నోరు తిరగడం లేదు చూశారా, మా వైపు పెంపకం అలాంటిది. ఆ పెంపకమే మా కొంప ముంచింది.

మా ఆయన సుకుమార్. చేపల చెరువులకి మేత, మందులు అమ్మే కంపెనీలో ఆకివీడు గోడౌన్ ఇన్‌చార్జి. కంపెనీ హెడ్డాఫీసు ఏలూర్లో, ఇంకో బ్రాంచి తాడేపల్లిగూడెంలో. మేమూ మొదట్లో ఏలూర్లోనే ఉండేవాళ్ళం. ఆయనకి ఆకివీడు ట్రాన్స్‌ఫర్ అయినప్పుడు అమ్మాయి జాయ్సీని అక్కడే స్కూలు హాస్టల్లో ఉంచి మేమిద్దరం వచ్చేశాం. జీతం మా ఇంటికి సరిపోయేది. కంపెనీ ఇచ్చే టౌన్ అలవెన్సు జాయ్సీ హాస్టలుకి సరిపోయేది. అంతకుమించి మా దగ్గర ఏమీ లేదు, దాంతో మాకు బాధా లేదు.

2004 ఎండాకాలంలో మా యజమాని ప్రసాదరావు గారికి ఒక ఆలోచన వచ్చింది. మూడు ఊళ్ళలో వాళ్ళకీ ఒకే అలవెన్సు ఎందుకు, ఏ ఊళ్ళో బతకడానికి ఎంతవుతుందో చూసి దాన్ని బట్టి ఇద్దాం అని. న్యాయమైన మాటే, కాదనను. చూసి రమ్మని అకౌంట్స్ మేనేజరు పట్టాభిరామయ్య గారిని పంపారు, అక్కడే వచ్చింది చిక్కు.

ఆయన ముందు గూడెం వెళ్ళారు. అక్కడి బ్రాంచి అతని భార్య పుట్టింటికి వెళ్ళిందట, అందుకని సారుని హోటలుకి తీసుకెళ్ళాడు. తిన్నాక బిల్లు వచ్చింది. ఆ బిల్లు చూసి ఈయన, “అబ్బో, గూడెంలో ఖర్చులు మండిపోతున్నాయే!” అన్నారట. ఉల్లిపాయలూ కూరగాయలూ లారీల కొద్దీ దిగే ఊరది. ఆకివీడులో మేం కొనే వంకాయ కూడా అక్కణ్ణుంచి బయల్దేరి, దారి ఖర్చంతా మా నెత్తిన రుద్ది మరీ వస్తుంది. అయినా సరే, గూడెం ఖరీదైన ఊరని తేలిపోయింది. అక్కడ అన్నం పెట్టినవాడు బిల్లు ఇచ్చాడు మరి.

తరవాత ఆకివీడు వచ్చారు. మా ఆయన ముందురోజే, “సారు మనింట్లోనే భోంచేస్తారు కెజియా, బాగా చెయ్యి” అని మురిసిపోయాడు. నేను పొద్దున్నే మార్కెట్టుకి పోయి బేరమాడి కొర్రమీను కొన్నాను. ఆకివీడు చేపల ఊరని పేరేగానీ, మంచి చేప ఎప్పుడో ఐసు పెట్టెల్లో పడుకుని లారీలెక్కి కలకత్తా వెళ్ళిపోతుంది. మిగిలినదానికి మేం కొట్టుకోవాలి. పొలాలన్నీ చెరువులు తవ్వేశాక గేదె మెయ్యడానికి గడ్డిపోచ లేదు, పాలంటే ప్యాకెట్టే. బోరు కొడితే ఉప్పునీళ్ళు. తాగడానికే కాదు, పప్పు ఉడకాలన్నా క్యాన్ల బండి కోసం వీధిలోకి చూడాలి. ఇంటి అద్దెల సంగతి అడగొద్దు, చేపల వ్యాపారులు ఎంతంటే అంత ఇచ్చేస్తుంటే మాలాంటివాళ్ళ ముఖం ఓనరు ఎందుకు చూస్తాడు?

ఆయన తింటున్నారు. మా ఆయన పక్కన కూర్చున్నాడు. నేను వడ్డిస్తున్నాను.

“చేప అద్భుతంగా ఉందమ్మా. ఎంత పడిందేంటి?” అన్నారు.

ఇక్కడ మా అత్తగారి సంగతి చెప్పాలి. ఆవిడ పేరు పాపమ్మ. పోయి చాలాకాలమైంది గానీ ఆవిడ మాట మా ఇంట్లో ఇంకా కాపురం చేస్తోంది. మనిషి విస్తరి ముందు కూర్చున్నాక, అందులో ఉన్నదాని ఖరీదు నోటితో అనకూడదు. అంటే వాళ్ళ గొంతులో ముద్ద పట్టుకున్నట్టేననేది. మా ఇల్లేంటి, మా చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా అంతే. అడిగితే నవ్వి మాట మార్చాలి.

మా ఆయన నవ్వి మాట మార్చాడు. “దానికేముందండీ! చేపల ఊళ్ళో చేపలు కొంటామాండీ? తినండి సార్, ఇంకో ముక్క వెయ్యి కెజియా.”

“అంటే చెరువుల వాళ్ళే ఇస్తారన్నమాట.”

“ఆయ్.”

“నీళ్ళు కూడా తియ్యగా ఉన్నాయే.”

“నీళ్ళకేం లోటండీ సార్, చుట్టూ నీళ్ళేనండీ.”

నేను నోరు తెరిచాను. మా ఆయన కళ్ళతోనే వద్దన్నాడు. నోట్లో నాలుక లేని మనిషి, కళ్ళతో మాత్రం బాగా మాట్లాడతాడు. నేను నోరు మూసుకుని గడ్డపెరుగు వడ్డించాను. దాని మీద కూడా, “మీ ఇల్లే అనుకోండి సార్, అడగడమేంటండీ” అన్నాడు. ఇంటి అద్దె అడిగితే, “ఓనరు మనవాడేనండీ” అన్నాడు.

జూన్‌లో కాగితం వచ్చింది. ఆకివీడులో చేపలు, పాలు, తాగునీరు సిబ్బందికి దాదాపు ఉచితంగా లభించుచున్నవి, ఇంటి అద్దెలు నామమాత్రము, కావున ఆకివీడు బ్రాంచికి టౌన్ అలవెన్సు అవసరము లేదు. ఏలూరుకి ఉంచారు. గూడేనికి ఉంచారు. మాకు తీసేశారు. కింద పట్టాభిరామయ్య గారి సంతకం, తోకతో సహా చక్కగా ఉంది.

ఆ రోజు మా ఆయన్ని నేనన్న మాటలు ఇక్కడ రాయను. మర్నాడు ఆయన ఏలూరు వెళ్ళి సారు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. సారు తలెత్తకుండా, “మీ ఇంట్లో కూర్చుని, మీ నోటితో విన్నదే కదయ్యా రాశాను. నా సొంతం ఒక్క ముక్క కలిపానా?” అన్నారట. మా ఆయన ఆ మాట మోసుకొచ్చి, “నిజమే కదా మరి, నేనే అన్నాను” అని నా ముందు పెట్టాడు.

ఒళ్ళు మండిపోయింది నాకు. పట్టాభిరామయ్య గారేమైనా పైదేశం నుంచి దిగారా? ఉంగుటూరు మనిషి. ఈ కాలవల నీళ్ళు తాగి పెరిగినవాడు. ఆయనింటికి చుట్టాలొస్తే ఆయన భార్య కూడా దానికేముందండీ అనే అంటుంది. ఆ మాటకి అర్థమేంటో ఆయనకి తెలియదా? తెలుసు. తెలిసే రాశారు. యజమానికి డబ్బు మిగిల్చి మెప్పు పొందాలనుకున్నారు, మా మర్యాద చేతికి దొరికింది. దాన్ని పట్టుకుని మా గొంతు కోశారు. తెలియక చేసిన తప్పైతే ఎప్పుడో మర్చిపోయేదాన్ని.

జాయ్సీని తీసుకురావడానికి నేనే వెళ్ళాను. అప్పుడే ఏడో తరగతి అయింది. డాక్టరు చదువుతానని ఊరందరికీ చెప్పుకునే పిల్ల. హాస్టల్లో స్నేహితురాళ్ళు గేటు దాకా వచ్చి ఏడుస్తుంటే ఇది మాత్రం ఏడవలేదు. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. గణపవరం దాటాక, “నేనేం తప్పు చేశానమ్మా?” అని ఒక్క మాట అడిగింది. నువ్వేం చెయ్యలేదే, మీ నాన్న మర్యాద చేశాడు అన్నాను. ఆ పిల్లకి ఏం అర్థమైందో ఏమో, మళ్ళీ అడగలేదు.

అప్పుడు పెట్టుకున్నాను పగ. దాచుకోవడమెందుకు, పగే. ఆదివారం చర్చిలో ప్రార్థన చేసేటప్పుడు క్షమించడం గురించిన మాట దగ్గరికి వచ్చేసరికి నేను పెదాలు కదిపి ఊరుకునేదాన్ని, గొంతు కలిపేదాన్ని కాదు. దేవుడికి అబద్ధం చెప్పడం ఎందుకని. పప్పు రుబ్బుతూ ఆయన్ని తలుచుకుంటే పని తొందరగా అయ్యేది.

రెండేళ్ళకి దేవుడు నా వైపు చూశాడనుకున్నాను. కొల్లేట్లో చేపల చెరువుల గట్లు ప్రభుత్వం కొట్టేసిన ఏడాది అది. చెరువులు పోయేసరికి మేత కొనేవాళ్ళు తగ్గిపోయారు, కంపెనీ తల్లకిందులైంది. ఆకివీడులో పెద్దమనిషి ఒకరు దగ్గరుండి చూసుకోవాలని ప్రసాదరావు గారు ఎవర్ని పంపారనుకున్నారు? పట్టాభిరామయ్య గారినే. ఆకివీడు బ్రాంచి కిందకి వచ్చాక ఆయనకీ అలవెన్సు లేదు. ఆయన సంతకం చేసిన కాగితమే ఆయనకి వర్తించింది.

రావడానికి ముందు ఆయన భార్య సూర్యకాంతం గారు నాకు ఫోన్ చేశారు.

“కెజియా గారూ, అక్కడ అన్నీ చవకేనటండీ కదా, మా వారు చెప్పారు. ఏమేం తెచ్చుకోమంటారండీ?”

“ఏమీ వద్దండీ. ఇక్కడ దేనికీ లోటు లేదండీ” అన్నాను.

“నీళ్ళవీ ఎలాగుంటాయండీ?”

“దానికేముందండీ! చుట్టూ నీళ్ళేనండీ. మీ వారు స్వయంగా వచ్చి చూసి రాశారు కదండీ, అంతకంటే నేనేం చెబుతాను?”

ఫోన్ పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. అన్నదాంట్లో ఒక్క పొల్లు మాట లేదు, మర్యాదకి లోటు లేదు.

వాళ్ళు ఏలూరు ఇల్లు ఖాళీ చేసి, సామాను సగం అక్కడే చుట్టాలకి పంచేసి వచ్చారు. వచ్చిన మొదటి పొద్దున్నే సూర్యకాంతం గారు పంపునీళ్ళతో కాఫీ పెట్టి పాలు విరగ్గొట్టుకున్నారు. రెండోసారి పెట్టారు, మళ్ళీ విరిగాయి. పాలు చెడ్డవనుకుని కొట్టువాడితో పోట్లాడారు. ఆ సాయంత్రం బిందె పట్టుకుని మా గుమ్మంలో నిలబడి, “కొంచెం మంచినీళ్ళు ఇస్తారా అండీ?” అన్నారు. అయ్యో దానికేముందండీ అని నవ్వుతూ బిందె నింపి ఇచ్చాను. క్యాన్ల బండి ఎప్పుడొస్తుందో, ఎవరికి చెప్పాలో మాత్రం చెప్పలేదు. ఆవిడా అడగలేదు. పక్కింటివాళ్ళు చెప్పేదాకా అలా బిందె మోసుకుంటూ తిరిగారు. ఆవిడ పాపం మంచిదే. మంచిదైతే నాకేం? నా కూతురూ మంచిదే.

ఆ ఏడాది నాకు బాగా గడిచింది. ఏలూర్లో అన్నం కారియర్ కూడా ఇంకొకరి చేత మోయించుకున్న మనిషి స్కూటరు ముందు నీళ్ళ క్యాను పెట్టుకుని, మోకాళ్ళు రెండు వైపులా చాపుకుని వీధిలో పోతుంటే అరుగు మీద నిలబడి చూసేదాన్ని. “ఏవండీ, బావున్నారాండీ?” అని పలకరించేదాన్ని కూడా. చేపల మార్కెట్లో రేటు విని ఆయన వెనక్కి తగ్గినప్పుడు నేను ఆ పక్కనే ఉన్నాను. “మీకు చెరువుల వాళ్ళు ఇవ్వట్లేదాండీ?” అన్నాను, ఎంతో ఆశ్చర్యంగా. ఆయన ముఖం చూడాలి! ఆ పూట నేను రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను. ఎవరికీ చెప్పుకోలేరు పాపం. ఊరు ఖరీదైనదంటే ఆయన రాసింది అబద్ధం. చవకైనదంటే ఎవరి మీదా ఏడవడానికి లేదు.

చివరికి తట్టుకోలేక ఆయనే ఒక కాగితం రాశారు. ఆకివీడులో జీవనం ఏలూరు కంటే భారంగా ఉన్నది, అలవెన్సు పునరుద్ధరించ ప్రార్థన. అది చదివి ప్రసాదరావు గారు పెద్దగా నవ్వారట. ఆయన పద్ధతి ఆయనది. కాగితాలు ఎన్ని వచ్చినా చివరికి తన కళ్ళతో చూసి, తన నోటితో అడిగితేగానీ నమ్మరు.

“మొదట నువ్వే ఉచితమన్నావు. ఇప్పుడు నువ్వే భారమంటున్నావు. రెంటిలో ఒకటి అబద్ధం కదా పట్టాభీ? అప్పుడు ఎవరింట్లో తిని రాశావో అదే ఇంట్లో నేనూ తింటాను. ఆ ఇల్లాల్నే అడుగుతాను. ఆవిడ చవకేనంటే మాత్రం నీ లెక్కలు వేరేవాళ్ళు చూసుకుంటారు” అన్నారట.

అంటే ఆయన ఉద్యోగం నా నోటి మీద ఉంది. ఆ మాట మా ఆయన చెప్పినప్పుడు నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఇంతకాలం దేవుణ్ణి నేనడిగింది దీని ముందు ఆవగింజంత కూడా కాదు.

యజమాని రావడానికి ముందురోజు పట్టాభిరామయ్య గారు మా ఇంటికి వచ్చారు. కూర్చోమంటే అంచు మీద కూర్చున్నారు. మంచినీళ్ళిస్తే తాగలేదు, గ్లాసు చేత్తో తిప్పుతూ కూర్చున్నారు.

“రేపు యజమాని గారు అడిగితే ఉన్నది ఉన్నట్టు చెప్పండమ్మా. అందరికీ మంచిది” అన్నారు.

“అప్పుడు కూడా ఉన్నది ఉన్నట్టే రాసుంటే బావుండేదండీ” అన్నాను.

“అప్పుడు మీవారు చెప్పిందే కదండీ నేను రాశాను.” గ్లాసు కింద పెట్టి, “మీ అమ్మాయి టెన్త్ ఫస్ట్ క్లాసులో పాసైందటగా. అలవెన్సు వస్తే ఏలూర్లో ఇంటర్ చేర్చొచ్చు. ఆ సంగతి ఆలోచించండి” అన్నారు.

క్షమించమని ఒక్క ముక్క అని ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. అనలేదు. నా కూతుర్ని ఏలూరు నుంచి లాక్కొచ్చిన మనిషి, ఆ కూతుర్నే ఎర చూపించి తన ఉద్యోగం కాపాడమంటున్నాడు. అయినా నవ్వి, “మీరేం కంగారుపడకండీ. మర్యాదకేం లోటు రానివ్వనండీ” అన్నాను. ఆయన ముఖంలో రక్తం తిరిగొచ్చింది. నవ్వుతూ వెళ్ళిపోయారు.

ఆయన వెళ్ళగానే జాయ్సీ గది తలుపు తీసుకుని వచ్చింది. అంతా విన్నట్టుంది. “అమ్మా, చెబుతావు కదా?” అంది. బైపీసీ సీటు కోసం ఏలూరు కాలేజీకి వాళ్ళ నాన్న అప్పటికే అప్లికేషన్ పెట్టాడు. హాస్టలు డబ్బు ఎలాగో మాత్రం ఎవరికీ తెలియదు.

“ఏం చెప్పాలో నాకు తెలుసులే” అన్నాను.

నిజంగానే తెలుసు. ఆ సాయంత్రమంతా నేను వేసుకున్న లెక్క ఒకటే. నేను నిజం చెబితే జాయ్సీ ఏలూరు వెళ్తుంది, ఆయన బాగుపడతాడు. అప్పుడన్న మాటే ఇప్పుడూ అంటే ఆయన రోడ్డున పడతాడు, జాయ్సీ ఆకివీడులోనే ఉంటుంది. ఆకివీడులో కూడా కాలేజీ ఉంది కదా అనుకున్నాను. చదివే పిల్ల ఎక్కడైనా చదువుతుందనీ, బైపీసీ లేకపోతే ఇంకో గ్రూపు ఉందనీ అనుకున్నాను. కోపం వచ్చినప్పుడు మనసుకి ఎన్ని తెలివితేటలొస్తాయో!

మర్నాడు ప్రసాదరావు గారు కారు దిగి, చెప్పులు బయట విడిచి, నేరుగా వంటింటి గుమ్మం దాకా వచ్చి, “ఏం వండావమ్మా?” అన్నారు. పెద్దాయన, పంచె కట్టు, గంభీరమైన గొంతు. శీలావతి చేప ఇగురు, మామిడికాయ వేసి రొయ్యలు, పప్పు చేశాను. ముగ్గురూ కూర్చున్నారు. మా ఆయన తల వంచి రెండు ముక్కల్లో ప్రార్థన ముగించాడు. పట్టాభిరామయ్య గారు కూడా తల వంచారు, అంత భక్తి ఆయనలో ఎప్పుడూ చూడలేదు.

ప్రసాదరావు గారు నాలుగు ముద్దలు తిన్నాక తలెత్తారు. “అమ్మా, మొహమాటం లేకుండా చెప్పు. ఈ ఊళ్ళో బతకడం ఖరీదా?”

పట్టాభిరామయ్య గారు ముద్ద చేతిలో పట్టుకుని నా వైపు చూశారు. చూసి చిన్నగా తలూపారు కూడా, చెప్పమ్మా అన్నట్టు.

నేను ఇగురు గిన్నె తీసుకుని ఆయన దగ్గరికే వెళ్ళాను. ముందు ఆయన కంచంలోనే పెద్ద ముక్క వేశాను. “దానికేముందండీ!” అన్నాను. “చేపల ఊళ్ళో చేపలు కొంటామాండీ?”

ఆయన చేతిలో ముద్ద కంచంలో పడింది.

“పాలూ పెరుగూ?” అన్నారు ప్రసాదరావు గారు.

“మీ ఇల్లే అనుకోండీ, అడగడమేంటండీ.”

“నీళ్ళు?”

“చుట్టూ నీళ్ళేనండీ.”

ఒక్కో మాట అంటుంటే నా నాలుక మీద బెల్లం ముక్క కరిగినట్టుంది. ఆయన ముఖం రంగులు మారడం, చెవుల దగ్గర చెమట పట్టడం, ఏదో అనబోయి గుటకలు మింగడం అన్నీ నిలబడి చూశాను. మా ఆయన “కెజియా” అని గొణిగాడు. నేను వినిపించుకోలేదు. ప్రసాదరావు గారు చెయ్యి ఆపి, “ఏమయ్యా పట్టాభీ?” అన్నారు. ఆ గొంతులో ఇందాకటి నవ్వు లేదు. అంతే, పని అయిపోయింది. ఇంకో నిమిషం గడిస్తే చాలు.

అప్పుడు వంటింట్లోంచి జాయ్సీ వచ్చింది. చేతిలో రెండు గ్లాసులున్నాయి. రెండూ ప్రసాదరావు గారి కంచం పక్కన పెట్టింది.

“ఇది మా పంపులోదండీ. ఇది కొన్నదండీ. ఒకసారి తాగి చూడండి” అంది.

“జాయ్సీ, లోపలికి పో” అన్నాను.

అది నా వైపు తిరగలేదు. ప్రసాదరావు గారు మొదటి గ్లాసు నోట్లో పెట్టుకుని, వెంటనే లేచి వాకిట్లోకి వెళ్ళి ఉమ్మేసి వచ్చారు.

“మా అమ్మ చెప్పేది మర్యాదకండీ” అంది జాయ్సీ. “తినేవాళ్ళకి రేటు చెప్పకూడదంటారండీ మా ఇంట్లో. చేపలు పొద్దున్న మార్కెట్లో నేనే కొన్నానండీ. పాలు ప్యాకెట్టండీ. అప్పుడు ఈ సారు వచ్చినప్పుడు కూడా మా నాన్న ఇలాగే అన్నారంటండీ. నేను అప్పుడు ఏలూరు హాస్టల్లో ఉన్నానండీ. మీ కాగితం వచ్చాక మానేశాను.”

ప్రసాదరావు గారు నన్ను చూశారు, మా ఆయన్ని చూశారు, చాలాసేపు పట్టాభిరామయ్య గారిని చూశారు.

“అప్పుడు ఈ ఇంట్లో ఆ మాట విని, నిజమనే అనుకున్నావా?”

“వాళ్ళే చెప్పారు కదాండీ...” అన్నారు పట్టాభిరామయ్య గారు, కంచంలోకి చూస్తూ.

“నువ్వు ఉంగుటూరు వాడివే కదయ్యా” అన్నారు ప్రసాదరావు గారు. మళ్ళీ కూర్చుని, కంచం వదిలేస్తే నాకు బాధ అనుకున్నారో ఏమో, అన్నం పూర్తిగా తిన్నారు. వెళ్ళేముందు జాయ్సీ తల మీద చెయ్యి వేసి, ఈ నెల నుంచే అలవెన్సు మళ్ళీ ఇస్తామని చెప్పారు. అందరికీ.

అందరికీ అంటే పట్టాభిరామయ్య గారికి కూడా. జీతాన్ని బట్టి ఇచ్చేది కాబట్టి మాకంటే ఆయనకే ఎక్కువ. ఉద్యోగం ఊడలేదు. ఒక చివాటుతో బయటపడ్డారు. చెప్పులు తొడుక్కుంటూ మా ఆయన చేతులు రెండూ పట్టుకుని, “మీ అమ్మాయి బంగారమండీ” అన్నారు. కళ్ళనిండా నీళ్ళు కూడా పెట్టుకున్నారు. నేను తలుపు పక్కన నిలబడి ఆ కన్నీళ్ళు చూస్తూ పళ్ళు కొరుక్కున్నాను. అవి నేను రప్పించాల్సిన కన్నీళ్ళు. రావాల్సింది సంతోషంతో కాదు.

కారు వెళ్ళిపోయాక వంటింట్లోకి వెళ్ళాను. జాయ్సీ ఎంగిలి కంచాలు తీస్తోంది.

“మూడేళ్ళు కాచుకున్నానే” అన్నాను. “ఒక్క నిమిషం ఆగలేకపోయావా? వాడు నీకు చేసింది మర్చిపోయావా?”

కంచాలు కింద పెట్టింది. చేతులు కడుక్కుంది. ఓణీ చెంగుతో తుడుచుకుంది. అప్పుడు తిరిగింది నా వైపు.

“మర్చిపోలేదమ్మా. ఆయన నన్ను ఏలూరు నుంచి ఒకసారి తీసుకొచ్చేశారు. ఆయన పరాయివాడు. ఇవాళ రెండోసారి తీసుకొచ్చేసింది నువ్వు.”

గట్టిగా కూడా అనలేదు. వాళ్ళ నాన్నలాగే మెత్తగా అంది. నేను తిడదామని నోరు తెరిచాను. దాని కళ్ళు చూసి ఆగిపోయాను. ఆ చూపు నాకు బాగా తెలుసు. పట్టాభిరామయ్య గారు స్కూటరు మీద పోతుంటే అరుగు మీద నిలబడి నేను చూసిన చూపు అది.

జూన్‌లో ఏలూరు బస్సు ఎక్కించడానికి వెళ్ళాను. వాళ్ళ నాన్నకి చెయ్యి ఊపింది. నాకూ ఊపింది, మర్యాదగా.